ఫిల్మ్ నగర్‌కు మోసుకెళ్ళిన జరిమానా

నేను హైదరాబాద్ వెళ్ళింది చార్మినార్ చూడ్డానికి కాదు, ఒక సినిమా హీరోకి జరిమానా వేయడానికి. ఈ మాట విని మా ఊరి ఆటోవాడు పగలబడి నవ్వాడు. మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను. కాకపోతే ఆ దారిలో మీరెవరైనా వెళ్ళాల్సి వస్తే పనికొస్తుందని ఎక్కడ దిగిందీ, ఏం తిన్నదీ కూడా రాస్తున్నాను.

మా ఊరి పేరు రాయను. చీరాలలో దిగి ఆటో ఎక్కితే వచ్చే తీరాల్లో ఒకటనుకోండి. పంచాయతీలో నేను బిల్ కలెక్టర్ని. ఇంటి పన్నూ నీటి పన్నూ వసూలు చేసుకుంటూ హాయిగా ఉండేవాణ్ణి. ఈలోగా హైదరాబాద్‌లో రోజుకో అద్దాల మేడ లేవడం, వాటిలో పనిచేసే పిల్లలు శని ఆదివారాలు బస్సులు కట్టించుకుని మా తీరానికి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళరు కదా, ఇసకంతా సిగరెట్ పీకలు చేసి వెళ్ళేవాళ్ళు. తీరం మీద పొగ తాగరాదు, తాగితే జరిమానా అని పంచాయతీ తీర్మానం చేసింది. ఒక బోర్డు పెట్టారు. బోర్డు పక్కన రసీదు పుస్తకంతో నన్ను పెట్టారు.

నాకు మొహమాటం లేదు. దొరికినవాడికల్లా రాశాను. కానీ ఎవరు దొరుకుతారో చూడండి. బస్సుల్లో వచ్చినవాళ్ళు ఒక పూట ఉండి పోతారు. పట్టుకుంటే మేం ఫలానావారి తాలూకు, మాట్లాడండి అని సెల్‌ఫోన్ చెవికి ఆనిస్తారు. పొద్దస్తమానం అక్కడే వలలు బాగుచేసుకుంటూ కూర్చునేది మా పడవలవాళ్ళు. నా పుస్తకంలో వాళ్ళ పేర్లే పడుతూ వచ్చాయి.

ఇంతలో సినిమావాళ్ళు దిగారు. నడుస్తున్న పడవ మీంచి హీరో అలల్లోకి దూకి ఈదుకుంటూ ఒడ్డుకు రావాలి, అదీ సీను. ఊరు ఊరంతా తాడు కట్టిన చోటికి వచ్చి నిలబడింది. ఆయన దూకాడు. మామూలు దూకుడు కాదు, మా పడవలవాళ్ళే నోళ్ళు తెరిచారు. ఈది ఒడ్డుకొచ్చాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్ళి దూరంగా గొడుగు కింద కుర్చీలో మాకు వీపు పెట్టి కూర్చుని, తడి ఎర్రచొక్కాతోనే సిగరెట్ వెలిగించాడు. నేను పుస్తకం పట్టుకుని బయల్దేరితే తాడు దగ్గరే ఆపేశారు. షూటింగ్ అయ్యాక రండి అన్నారు. షూటింగ్ అయ్యేసరికి ఆయనా లేడు, వ్యాన్లూ లేవు.

మర్నాడు పొద్దున పోలయ్య అనే పడవ మనిషి నేను చూస్తుండగానే సరిగ్గా బోర్డు కింద కూర్చుని బీడీ వెలిగించాడు. పక్కన ఇంకో నలుగురు. పుస్తకం తీశాను. పోలయ్య భార్య అంకమ్మ చేపల బుట్ట దించి నా ముందుకొచ్చింది.

"మావాళ్ళ బీడీలు కనబడ్డ కళ్ళకి ఆ హీరోగారి సిగరెట్టు కనబళ్ళేదా? ముందు ఆయన దగ్గర కట్టించుకు రండి. అప్పుడు మావాళ్ళు కడతారు, ఆర్పమంటే ఆర్పుతారు. లేదంటే ఆ పుస్తకం ఇంట్లో పెట్టుకోండి" అంది.

ఉద్యోగంలో చేరినప్పట్నించీ నన్ను చాలామంది చాలా తిట్టారు. అవేవీ నాకు తగల్లేదు. ఇది తగిలింది. ఆవిడ అన్నది అన్యాయమైతే కోపం వచ్చి ఊరుకునేది. అన్నది నిజం కాబట్టి అన్నం సయించలేదు. సర్పంచ్ గారు పోనిద్దురూ అన్నారు. మా ఆవిడ సుభద్ర అయితే, ఆ హీరో మీకోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటాడు, వెళ్ళండి అంది. ఆ వెటకారంతో నాకు పంతం పుట్టింది. సెలవు పెట్టాను.

పొద్దున ఎనిమిదింటి బండికి చీరాలలో ఎక్కాను. జనరల్ పెట్టె, అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు. సుభద్ర వెటకారం చేస్తూనే పులిహోర కట్టిచ్చింది. విజయవాడలో బండి చాలాసేపు ఆగుతుంది, వడలు వేడిగా దొరుకుతాయి, చట్నీ మాత్రం వద్దు. ఖమ్మం దాటాక తలుపు దగ్గర ఒక కుర్రాడు సిగరెట్ వెలిగించాడు. మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఇది నా తీరం కాదు, అయినా ఊరుకోలేక తప్పు కదా బాబూ అన్నాను. పాపం మంచివాడే, వెంటనే పారేశాడు. మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగమట. వాళ్ళ ఆఫీసులో పొగ తాగేందుకు వేరే చోటుందనీ, అక్కడికి పోకపోతే ఎవరికి ప్రమోషన్ వచ్చిందో కూడా తెలియదనీ చెప్పాడు. నేను వచ్చిన పని చెబితే అతను నవ్వలేదు. అప్పటిదాకా నవ్వనిది అతనొక్కడే.

"అంకుల్, గేటు దాటి లోపలికి వెళ్ళగలిగితే చాలు, మీరు గెలిచినట్టే" అన్నాడు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి మూడు దాటింది. ఫిల్మ్ నగర్ బోర్డున్న సిటీ బస్సు స్టేషన్ బయటే దొరుకుతుంది. నేను కృష్ణానగర్ కోసమని ముందే దిగాను. సినిమా ఆశ మీద వచ్చినవాళ్ళంతా అక్కడే గదులు తీసుకుంటారు కాబట్టి లాడ్జీలు చవక. నాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది. పక్క గదిలో ఒకాయన మాత్రం అద్దం ముందు నిలబడి "నా చెల్లెల్ని వదిలెయ్" అని రకరకాలుగా అంటూనే ఉన్నాడు. చివరికి నేనే గోడ మీద కొట్టి, వదిలేశాను నాయనా, పడుకో అన్నాను.

పొద్దున కృష్ణానగర్‌లో పెసరట్టు తిని జూబ్లీహిల్స్‌కు ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ రోడ్లు కొండ ఎక్కుతాయి, దిగుతాయి, మలుపు తిరిగి మళ్ళీ ఎక్కుతాయి. పెద్ద పెద్ద రాళ్ళను పగలగొట్టలేక వాటి మధ్యనే మేడలు కట్టారు. గోడలు ఎంత ఎత్తంటే లోపల ఇల్లుందని చెట్ల చివర్లు చూసి తెలుసుకోవాలి. నడిచేవాడు ఒక్కడూ కనిపించడు. హీరోగారి ఇల్లు ఆటోవాడికి ముందే తెలుసు. గేటు దగ్గర గూట్లో వాచ్‌మన్ తాత బీడీ తాగుతున్నాడు. నా చెయ్యి దానంతటదే సంచిలోని పుస్తకం మీదికి పోయింది.

"గిది రోడ్డు. నీ సముద్రం గాదు" అన్నాడు నేను సంగతంతా చెప్పాక, తాపీగా ఇంకో దమ్ము లాగి. హీరోగారు ఇంట్లో లేరని, ఫిల్మ్ నగర్ ఆఫీసులో అడగమని దారి కూడా చెప్పాడు. కోపం తెచ్చుకుందామంటే మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

ఫిల్మ్ నగర్ అక్కడికి దగ్గరే. నేను ఊహించుకున్నట్టు లేదు. కటౌట్లూ రంగులూ ఉంటాయనుకున్నాను. మామూలు కాలనీ, ఇళ్ళ ముందు ఆరేసిన చీరలు, కాకపోతే ప్రతి రెండో ఇంటికి ఒక సినిమా ఆఫీసు బోర్డు. జనరేటర్ వ్యాన్లు రోడ్డంతా అడ్డం. నేను వెళ్ళిన ఆఫీసులో గోడ మీద పొగ తాగరాదని బోర్డు ఉంది, దాని కిందే బల్ల మీద నిండిపోయిన యాష్‌ట్రే ఉంది. బల్ల వెనక ప్రొడక్షన్ మేనేజర్ ప్రసాద్ గారు. గోదావరి జిల్లా మనిషి, మర్యాదకి కొదవలేదు. కాఫీ తెప్పించారు, అంతా విన్నారు, కడుపు పట్టుకుని నవ్వారు.

"ఎంతండీ? ఇప్పుడే కట్టేస్తాను. మీ దారి ఖర్చులు కూడా నావే" అని పర్సు తీశారు.

మీరు తాగలేదు కదండీ, తాగినాయనే కట్టి సంతకం పెట్టాలి అన్నాను. అప్పుడాయన, సార్ తాగలేదండీ, పాత్ర తాగింది అన్నారు. సినిమావాళ్ళ లెక్క అలా ఉంటుందని నాకేం తెలుసు? పాత్ర ఎక్కడుందో చెబితే దానికే రాస్తానన్నాను. పైగా అది షాట్‌లో కాదు, షాట్ అయ్యాక గొడుగు కింద కుర్చీలో కూర్చుని తాగింది అని గట్టిగా చెప్పాను.

ప్రసాద్ గారి నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు వేసి వచ్చారు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ రోజు హీరోగారు మా తీరానికి రానే లేదట. ఇదే ఫిల్మ్ నగర్ స్టూడియోలో పాట చేస్తున్నారట. పడవ మీంచి దూకింది డూపు. హీరోలాంటి ఒడ్డూ పొడవూ ఉన్న మనిషికి అవే బట్టలు, అదే జుట్టు పెట్టి దూకిస్తారు. ముఖం కనిపించేవి మాత్రం తర్వాత హీరోగారితో తీస్తారు. ఈ సంగతి ఈ కాలనీలో ప్రతివాడికీ తెలుసు, బయట ఒక్కడికీ తెలియదు. తెలియకూడదు కూడా, ఎందుకంటే దూకిందంతా హీరోగారేనని అప్పటికే పత్రికలవాళ్ళకి చెప్పేశారు.

ఇంతదూరం ఒక పెద్దమనిషిని పట్టుకోవడానికి వస్తే, మళ్ళీ చిన్నవాడే దొరికాడు. అంకమ్మ ముఖం కళ్ళ ముందు కనిపించింది.

ప్రసాద్ గారు ఊరుకోలేదు. నన్ను కారెక్కించి స్టూడియోకి తీసుకెళ్ళారు. లైట్ల మధ్య నిజం హీరోగారు కూర్చుని ఉన్నారు. దగ్గర్నుంచి చూస్తే మనిషి సన్నగా, నెమ్మదిగా ఉన్నారు, నోట్లో లవంగం. ప్రసాద్ గారు చెవిలో చెప్పిందంతా విని, నాకు నమస్కారం పెట్టి, ఆయనే పెన్ను తీశారు.

"ఇవ్వండి, సంతకం పెడతాను. అందరం చల్లగా ఉంటాం కదా" అన్నారు.

నిజం చెబుతున్నాను, నా చెయ్యి పుస్తకాన్ని సగం చాచింది. ఆ ఒక్క సంతకం పట్టుకెళితే చాలు. మా తీరం మీద రాజులా తిరగొచ్చు. పోలయ్య బీడీ ఆర్పుతాడు, అంకమ్మ నోరు మూస్తుంది, సుభద్ర కూడా మూస్తుంది. ఫోటో కూడా తీయిస్తానంటున్నారు ప్రసాద్ గారు.

"మీరు సిగరెట్ తాగుతారాండీ?" అని అడిగాను.

"అసలు అలవాటే లేదండీ."

"మరి మీకెలా రాయనండీ?" అన్నాను, పుస్తకం వెనక్కి తీసుకున్నాను. తాగినవాణ్ణి వదిలెయ్యడం ఎంత తప్పో, తాగనివాడికి రాయడమూ అంతే తప్పు. పెద్దవాడైతే మాత్రం?

హీరోగారు పెన్ను మూత పెట్టేశారు. తన దగ్గరికొచ్చి సంతకం వద్దని పోయిన మనిషిని చూడలేదన్నారు. తర్వాత ప్రసాద్ గారు వద్దంటున్నా ఆయనే చెప్పారు. దూకినతని పేరు యాదగిరి, బోరబండ స్టేషన్ వెనక గుట్ట మీద ఉంటాడు. ప్రసాద్ గారు మాత్రం నన్ను గేటు దాకా దిగబెడుతూ, అతని పేరు బయటికొస్తే ఇంకెవరూ పనికి పిలవరు, ఆ పాపం మీదే అన్నారు. ఆ మాట నా వెంటే వచ్చింది.

ఫిల్మ్ నగర్ నుంచి బోరబండకు షేర్ ఆటోలు మారుతూ వెళ్ళాను. మధ్యలో ఒక చోట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, అవి మాత్రం తప్పకుండా తినండి. బోరబండలో ఆటో సగం గుట్ట ఎక్కి, ఇంక నావల్ల కాదంది. మిగతాది నడక. ఇల్లు అడిగితే అందరూ చెప్పారు. గుమ్మం ముందు ఒకాయన అటు తిరిగి నిలబడి బకెట్‌తో నీళ్ళు మోస్తున్నాడు. వెనకనుంచి చూస్తే అచ్చం హీరోగారే. ఇటు తిరిగాక వేరే ముఖం. నలభై దాటిన మనిషి, మోకాలికి కట్టు, నవ్వు మొహం.

సంగతంతా చెప్పాను. ఏదీ దాచలేదు. ప్రసాద్ గారి మాట కూడా చెప్పి, నీకు పని పోయేట్టయితే నేను రాయను, ఇట్నించి ఇటే వెళ్ళిపోతాను, మా ఊళ్ళో ఏమన్నా పడతాను అన్నాను. యాదగిరి భార్య చాయ్ తెచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ఆమె ముఖంలో భయం కనిపించింది. యాదగిరి మాత్రం నేను మాట్లాడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

"తాగింది నేనే. రాయి సార్" అన్నాడు.

"పని పోతే?"

"ఏడికి పోతది? ఆయన దుంకడు గద."

ఆ మాటకి ఆమె కూడా నవ్వింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. నేను గుమ్మం అరుగు మీద కూర్చుని కార్బన్ కాగితం సర్దాను. పేరు అడిగాను. ఇంటి పేరుతో సహా చెప్పాడు. తండ్రి పేరు అడగకముందే చెప్పాడు. నేను రాస్తుంటే భుజం మీదుగా చూస్తున్నాడు. అప్పటికి అతను నవ్వడం మానేశాడు.

"పదిహేనేండ్ల సంది దుంకుతున్న సార్" అన్నాడు. "మేడల మీదికెల్లి దుంకిన, రైళ్ళ మీదికెల్లి దుంకిన. ఎన్నడు ఏడ నా పేరు రాలే. గిదన్న నా పేరు మీద ఉండనీ."

మా రసీదులో 'నేరము' అని ఒక గడి ఉంటుంది. అందులో నేను ఎప్పుడూ ఒకే ముక్క రాస్తాను, తీరమున పొగ తాగుచుండగా అని. అదే రాయబోతుంటే అతను మెల్లిగా నా చెయ్యి ఆపాడు.

"జర గా దుంకింది గూడ రాస్తవా?"

గడి చిన్నది. అక్షరాలు ఇరికించి, పక్క గడిలోకి కూడా పోనిచ్చి రాశాను. 'నడుచుచున్న పడవ మీద నుండి సముద్రములోకి దూకి, అలలకు ఎదురీది ఒడ్డుకు చేరిన పిమ్మట, తీరమున పొగ తాగుచుండగా.' పైకి చదివి వినిపించాను. అతను డబ్బు కట్టి సంతకం పెట్టాడు. రసీదు భార్య తీసుకుంది. ఆమెకు చదువు రాదట, అయినా చాలాసేపు చూసింది. మూల మీద దుకాణంలో దానికి ప్లాస్టిక్ తొడుగు వేయిస్తానని అప్పుడే లోపలికి వెళ్ళి చెప్పులేసుకుంది. జరిమానా రసీదుకి ఇంత మర్యాద జరగడం నేను చూడలేదు.

ఆ రాత్రి కృష్ణానగర్ గదిలో పడుకున్నాను గానీ, అంకమ్మకి ఏం చెప్పాలో తేలలేదు. పొద్దున బోరబండలో లోకల్ రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. మీరైతే బస్సు కంటే అదే ఎక్కండి, సుఖం. నేను వద్దన్నా వినకుండా యాదగిరి కుంటుకుంటూ తోడు వచ్చాడు. బండికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద రూపాయి బిళ్ళ ఫోన్ ఉంటే, ఇక్కడే తేల్చుకుందామని మా తీరం టీ బడ్డీకి చేసి అంకమ్మను పిలిపించాను.

"కట్టాడా హీరో?" అంది వస్తూనే.

"ఆయన తాగలేదమ్మా. దూకిందీ ఆయన కాదు, తాగిందీ ఆయన కాదు. వేరే మనిషి. ఆ మనిషే కట్టాడు."

"అంటే మళ్ళీ మాబోటివాడే దొరికాడన్నమాట మీకు."

ఆ దెబ్బ కోసమే ఎదురుచూస్తున్నాను కాబట్టి తట్టుకున్నాను. హీరోగారు పెన్ను తీసి సంతకం పెడతానన్నారనీ, తాగని మనిషికి రాయడం చేతకాక నేనే వద్దన్నాననీ చెప్పాను. తర్వాత రసీదులో రాసింది మొదటి నుంచి చివరి దాకా చదివాను. బిళ్ళ అయిపోతుందేమోనని ఇంకోటి వేశాను.

"ఇంకోసారి చదవండి" అంది.

చదివాను. అవతల ఆవిడ మా పోలయ్యనీ మిగతావాళ్ళనీ పిలిచి నా మాటలు వాళ్ళకి చెబుతోంది. గోల గోలగా ఉంది.

"సరేనండీ. ఎవరు చేసింది వాళ్ళ పేరు మీదే రాస్తారని తెలిసింది. రేపు పుస్తకం పట్టుకు రండి, మావాళ్ళు కడతారు. ఇంతకీ ఆయన ఎక్కడున్నాడు?"

పక్కనే ఉన్నాడన్నాను. ఇవ్వమంది. యాదగిరి రిసీవర్ అనుమానంగా చెవికి పెట్టుకున్నాడు. అంకమ్మ గొంతు పెద్దది, పడవల మీద అలవాటు, అంచేత నాకూ వినబడుతూనే ఉంది.

"ఆ రోజు మేము చప్పట్లు కొట్టింది నీకేనయ్యా. మనిషెవరో తెలియక కొట్టాం. సినిమా వచ్చినప్పుడు చీరాల హాల్లో ఆ దూకుడు దగ్గర మా ఊరంతా నీ పేరే అరుస్తాం. ఏం పేరన్నావు?"

యాదగిరి నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండోసారి కూడా రాలేదు. బిళ్ళ అయిపోయేలా ఉందని నేనే వంగి, రిసీవర్లోకి అతని పేరు గట్టిగా చెప్పాను, ఇంటి పేరుతో సహా.